నొప్పి తీర్చు మందు – కీలు కాచు మందు

దమ్మపేట ఖమ్మము మైదానమునకును భద్రాచలపు అడవికిని పొలిమేరవంటి ఊరు. 1953 అక్టోబరులో వరంగల్లు జిల్లానుండి ఖమ్మము జిల్లా వేరుపడెను. 1959 లో గోదావరి ఆవలి ఒడ్డునున్న భద్రాచలము తూర్పు గోదావరి జిల్లాను విడిచి ఖమ్మములో కలిసెను. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడగా దమ్మపేట దానిలో చేరెను. జిల్లాల పేర్లు ఇట్లు మారినను ఇచ్చటి బ్రతుకు మాత్రము చేతులమీదనే నడచుచున్నది. కోయవారి చేలలో కలుపు తీయు చేతులు, జీడిమామిడి గింజ ఏరు చేతులు, ఇటీవలి దశాబ్దములలో వ్యాపించిన పామాయిలు తోటలలో గెలలు కోసి మోయు చేతులు – ఈ చేతులే ఇచ్చటి ఆస్తి. ఆ చేతులే పట్టు తప్పినచో ఇల్లు ఏమగును? ఈ వ్యాసమునకు ఆ ప్రశ్నయే మూలము.

ఒక ఇల్లాలు ముప్పదియైదు, నలుబది యేండ్ల వయసులో ఒకనాడు తెల్లవారి లేచునప్పటికి వ్రేళ్ళు బిగుసుకొని యుండును. పిడికిలి మూయలేదు, చెంబు పట్టలేదు, పొయ్యి రాజేయలేదు. ప్రొద్దెక్కినకొలది కొంత సడలును. మరునాడు మరల అదే స్థితి. నెల తిరుగునప్పటికి రెండు చేతుల వ్రేళ్ళ కణుపులును వాచి వెచ్చగా నుండును. అప్పుడు ఇంటిలో ఆలోచనలు ఆరంభమగును. అత్తగారు ఆముదము కాచి పట్టింతమనును. పొరుగువారు పసరుకట్టు కట్టువానిని పిలుతమందురు. ఊరిలోని ఆర్.ఎం.పి. డాక్టరు సూది వేసెదననును. పట్నములో చదువుకొన్న కొడుకు హైదరాబాదు పోదమనును. నాలుగు మాటలును ప్రేమతో పలికినవే. అందులో దేనిని వినవలెను?

ఏ రోగికి ఏ మందు ఈయవలెనో చెప్పుట వైద్యుని పని. ఆ పనికి మేము పూనుకొనుట లేదు. చరిత్రను అడిగి తెలిసికొనుటకే మా ప్రయత్నము. ఈ వ్యాధికి రెండువందల యేండ్లుగా జరిగిన చికిత్సల కథను పరిశీలించినచో ఒక సత్యము స్పష్టముగా కనబడును. నొప్పిని తీర్చునది ఒకటి, కీలును కాపాడునది మరియొకటి. ఈ రెంటికిని గల భేదమును తెలిసికొనుటకు లోకమునకు శతాబ్దములు పట్టెను. తెలిసిన పిమ్మటగూడ మన యిండ్లలో ఆ భేదమును మరచుటవలన ఎన్నియో చేతులు వంకరపోవుచున్నవి.

మొదట వ్యాధిని గుర్తింపవలెను. కీళ్ళనొప్పులన్నియు ఒకటి కావు. వయసు మీరినవారికి మోకాలి కీలు అరిగి వచ్చు నొప్పి వేరు. యూరిక్ ఆమ్లము పేరుకొని కాలి బొటనవ్రేలిని అర్ధరాత్రి అగ్గివలె మండించు గౌటు వేరు. 2005, 2006 సంవత్సరములలో తెలుగు నేలను ఊపివేసిన చికున్‌గున్యా జ్వరము వెంట వచ్చిన నొప్పులు వేరు. అవి కొందరిని నెలలకొలది బాధించెను. మేము చెప్పుచున్నది రుమటాయిడ్ కీళ్ళవాతమును గూర్చి. శత్రువుల నెదుర్కొనవలసిన శరీరరక్షక సేనయే దారి తప్పి తన కీళ్ళపై దండెత్తుట ఈ వ్యాధి స్వభావము. కీలు లోపలి పొర వాచి, బలిసి, మృదులాస్థిని తినివేసి, ఎముకను కొరుకును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వచ్చును. ఢిల్లీ సమీప గ్రామములలో జరిపి 1993 లో ప్రకటించిన పరిశీలనలో పెద్దవారిలో నూటికి ముప్పాతిక, అనగా వేయిమందిలో ఏడెనిమిదిమంది, ఈ వ్యాధి గలవారని తేలెను. కావున ఇది అరుదైన రోగము కాదు. మన వీథిలోనే ఉండదగినది.

మన దేశపు వైద్యులు దీనిని పోలిన వ్యాధిని ఏనాడో గమనించిరి. చరకసంహితలో వాతరక్తమను పేర కీళ్ళ వ్యాధి వర్ణింపబడినది. క్రీస్తుశకము ఏడెనిమిది శతాబ్దుల ప్రాంతమువాడైన మాధవకరుడు తన నిదానగ్రంథములో ఆమవాతమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము కేటాయించెను. జీర్ణము కాని ఆమము వాతముతో కూడి కీళ్ళలో చేరి వాపును, బిగువును, జ్వరమును కలిగించునని ఆయన భావము. పదునొకండవ శతాబ్ది వాడైన చక్రపాణిదత్తుడు దీనికి చికిత్సాక్రమమును చెప్పెను. లంఘనము, స్వేదనము, చేదు ద్రవ్యములు, దీపనములు, విరేచనము, స్నేహపానము, వస్తి – ఇది ఆ వరుస. ఆముదమునకు ఇందు గొప్ప స్థానము కలదు. అత్తగారి ఆముదపు సలహాకు వేయి యేండ్ల వంశవృక్షమున్నదన్నమాట. ఆ వైద్యులు రోగిని శ్రద్ధగా చూచిరి. ఆకలిని, నిద్రను, ఋతువును లెక్కలోనికి తీసికొనిరి. అయితే ఎముక లోపల ఏమి జరుగుచున్నదో చూచు సాధనము నాడు ఏ దేశమువారికిని లేదు.

పడమటి దేశములలో ఈ వ్యాధిని గౌటునుండి వేరుచేసి వర్ణించిన మొదటివాడు ఫ్రెంచి వైద్యుడు లాండ్రె బోవే. 1800 సంవత్సరమున పారిస్ నగరపు సాల్‌పెత్రియేర్ ఆసుపత్రిలోని తొమ్మిదిమంది స్త్రీలను పరిశీలించి ఆయన తన సిద్ధాంతవ్యాసమును వ్రాసెను. 1859 లో ఆల్ఫ్రెడ్ గారడ్ అను ఆంగ్ల వైద్యుడు దీనికి రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అను పేరు పెట్టెను. పేరు దొరికెను గాని మందు దొరకలేదు. 1870 ల నడుమ విల్లో చెట్టు బెరడునుండి తీసిన సాలిసిన్‌ను స్కాట్లండు వైద్యుడు మక్లాగన్ కీళ్ళజ్వరమునకు వాడి చూచెను. 1899 లో ఆస్పిరిన్ అంగళ్ళకు వచ్చెను. నొప్పి తగ్గెను, వాపు కొంత తీసెను. కీలు మాత్రము లోలోపల అరుగుచునే యుండెను. ప్రసిద్ధ ఫ్రెంచి చిత్రకారుడు రెన్వారు ఇందుకు సాక్షి. ఆయన తన జీవితపు చివరి పాతిక యేండ్లకు పైగా ఈ వ్యాధితో బాధపడి, వ్రేళ్ళు వంకరపోయి, చక్రముల కుర్చీలో కూర్చుండి, గుడ్డపట్టీలు చుట్టిన చేతితో కుంచె పట్టి 1919 లో మరణించువరకు చిత్రములు వ్రాసెను. ఆయనకు కళ మిగిలెను, కీళ్ళు మిగులలేదు.

అటుపిమ్మట వచ్చిన మందులు చిత్రమైన దారులలో వచ్చినవి. 1890 లో రాబర్టు కాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు బంగారపు లవణము క్షయ క్రిమిని పరీక్షనాళికలో అణచుట చూచెను. కీళ్ళవాతము క్షయకు చుట్టమని నమ్మిన ఫ్రెంచి వైద్యుడు జాక్ ఫోరెస్తియే రోగులకు బంగారపు లవణమును సూదిద్వారా ఇచ్చి 1929 లో ఫలితములను ప్రకటించెను. ఆయన నమ్మకము తప్పు; అయినను కొందరు రోగులకు మేలు కలిగెను. 1960 ప్రాంతమున ఇంగ్లండులో జరిగిన పరీక్ష ఈ మేలును నిర్ధారించెను. మూత్రపిండములకు, చర్మమునకు కీడు చేయు గుణముండుటచే నేడు బంగారపు సూది దాదాపు వాడుకలో లేదు. మరియొక మందు కథ మన అడవిసీమకు దగ్గరిది. మన్యపు జ్వరము, అనగా మలేరియా, గోదావరి లోయ అడవులలోని వారికి పరిచితమైన శత్రువు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున మలేరియా రాకుండ మెపాక్రిన్ మ్రింగిన సైనికులలో కొందరికి చర్మవ్యాధులును, కీళ్ళనొప్పులును తగ్గినవి. ఆ జాడను పట్టుకొనిపోగా క్లోరోక్విన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అను మలేరియా మందులు కీళ్ళవాతపు మందులైనవి. ఒక సీమలో జ్వరమునకు మ్రింగిన బిళ్ళ మరియొకచోట కీలునకు అండయైనది.

ఇప్పుడు 1948 వ సంవత్సరమునకు రావలెను. ఆ యేడు ఈ కథలో రెండు సంఘటనలు ఆరు వారముల ఎడములో జరిగెను. ఒకదానిని లోకమంతయు చూచెను; రెండవదానిని ఎవరును గమనింపలేదు.

లోకము చూచినది ఇది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కామెర్లు వచ్చినప్పుడును, గర్భము ధరించినప్పుడును కొందరికి కీళ్ళవాతము తాత్కాలికముగా శాంతించుట 1929 నుండి గమనించుచుండెను. శరీరములోనే ఏదియో ఉపశమన ద్రవ్యమున్నదని ఆయన ఊహ. రసాయన శాస్త్రజ్ఞుడు కెండాల్ అడ్రినల్ గ్రంథినుండి వేరుచేసిన ద్రవ్యమును 1948 సెప్టెంబరు 21 న మంచమునబడియున్న ఒక యువతికి సూదిద్వారా ఇచ్చిరి. కొద్ది దినములలోనే ఆమె లేచి నడిచెను. వారము తిరుగునప్పటికి అంగళ్ళకు పోయి రాగలిగెను. ఆ ద్రవ్యమే కార్టిసోన్. 1950 లో హెంచ్, కెండాల్, స్విట్జర్లండువాడైన రైక్‌స్టైన్ మువ్వురకును నోబెల్ బహుమానము లభించెను. మంత్రదండము దొరికినదనిరి. మందు మానగానే వ్యాధి తిరుగబెట్టెను. మానకున్నచో ముఖము ఉబ్బెను, ఎముకలు గుల్లలయ్యెను, రక్తపుపోటును చక్కెరయు పెరిగెను, కడుపులో పుండ్లు పడెను. కార్టిసోన్‌వంటి స్టిరాయిడ్లు నేటికిని అవసరమైన మందులే. అగ్ని ప్రజ్వరిల్లినప్పుడు కొలది కాలము, కొద్ది మోతాదులో వైద్యుడు వాడును. అయితే దానితోడనే సంసారము చేయరాదని ఆ దశాబ్దము నేర్పెను.

లోకము గమనింపని సంఘటన మన తెలుగువానికి సంబంధించినది. ఆ యేడు ఆగస్టులో, హెంచ్ తన రోగికి మొదటి సూది వేయుటకు ఆరు వారములు ముందు, న్యూయార్కులో యెల్లాప్రగడ సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి. దమ్మపేటనుండి అశ్వారావుపేట మీదుగా ఆంధ్రప్రదేశ్ పొలిమేర దాటి గోదావరి డెల్టాకు దిగినచో ఆయన పుట్టిన భీమవరము చేరవచ్చును. 1895 జనవరి 12 న ఆయన అచ్చట జన్మించిరి. పేదరికములో రాజమహేంద్రవరమునను, మదరాసునను చదివి, మదరాసు వైద్యకళాశాలలో చేరిరి. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందున ఆచార్యుల ఆగ్రహమునకు గురియై, పూర్తి పట్టమునకు బదులు తక్కువ అర్హతగల ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరి. ఆయన అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అను గ్రహణి వ్యాధి కొద్ది కాలములోనే బలిగొనెను. ఆ వ్యాధియే తనకును సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరని ఆయన జీవితకథ వ్రాసినవారు తెలిపిరి. పిమ్మట మదరాసులోని ఆయుర్వేద కళాశాలలో లక్ష్మీపతిగారి ప్రాపున శరీరశాస్త్ర బోధకులుగా పనిచేసిరి. ఏ వైద్యము గొప్పదను ప్రశ్న ఆయనకు పుస్తకములలోని వాదము కాదు. తన యింటిలో జరిగిన చావుబ్రతుకుల విషయము.

1920 ల ఆరంభమున ఆయన అమెరికా చేరి హార్వర్డులో పరిశోధన సాగించిరి. సైరస్ ఫిస్కేతో కూడి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925 లో ప్రకటించిరి. కండరములకు శక్తినిచ్చు ద్రవ్యములపై వారిద్దరు చేసిన పని శాస్త్రచరిత్రలో నిలిచినది. 1940 లో లెడర్లీ ప్రయోగశాలకు చేరిరి. 1945 లో ఆయన నాయకత్వములోని బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను. అన్నదమ్ములను హరించిన స్ప్రూ వ్యాధికి మందైనది ఆ ఫోలిక్ ఆమ్లమే. బోస్టనులో పిల్లల రక్తపు క్యాన్సరుతో పోరాడుచున్న సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు, ఈ ఆమ్లమునకు ఎదురు నిలుచు ద్రవ్యములున్నచో పిచ్చిగా పెరుగు కణములను ఆపవచ్చునని తలచెను. సుబ్బారావుగారి బృందము అట్టి ద్రవ్యములను చేసి పంపెను. అమినాప్టెరిన్ మొదటిది, దానికి తమ్మునివంటిది ఎమెథాప్టెరిన్. ఈ రెండవదే నేడు మనము మిథోట్రెక్సేట్ అని పిలుచు మందు. అమినాప్టెరిన్‌తో కొందరు పిల్లల వ్యాధి తాత్కాలికముగా వెనుకకు తగ్గినదని ఫార్బరు 1948 జూనులో ప్రకటించెను. రెండు నెలలకు సుబ్బారావుగారు లేరు. తాను చేయించిన మందు ఒకనాడు తన తల్లివంటి, చెల్లెలివంటి స్త్రీల చేతులను కాపాడునని ఆయనకు తెలియదు.

1951 లో గబ్నర్ అను అమెరికా వైద్యుడు అమినాప్టెరిన్‌ను కొద్ది మోతాదులో కీళ్ళవాతపు రోగులకును, సోరియాసిస్ అను చర్మవ్యాధి గలవారికిని ఇచ్చి చూచెను. వాపులు తగ్గెను. కాని అది కార్టిసోన్ వెలుగుచున్న కాలము. నాలుగు దినములలో నడిపించు మందు ఎదుట, నెలలు పట్టు మందును ఎవరు చూతురు? పైగా అది క్యాన్సరు మందు అను భయమొకటి. చర్మవైద్యులు మాత్రము దానిని విడువక, మోతాదును తగ్గించి, వారమునకొకమారు ఇచ్చు పద్ధతిని మెల్లగా నేర్చుకొనిరి. 1972 ప్రాంతమున కీళ్ళ వైద్యులు కొందరు మరల దానివైపు చూచిరి. 1985 లో వైన్‌బ్లాట్ మున్నగువారు వారమునకు 7.5 మొదలు 15 మిల్లీగ్రాములవరకు మిథోట్రెక్సేట్‌ను, పోలికకై ఉత్త బిళ్ళను మార్చి మార్చి ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చుచున్నారో తెలియనీయక పరీక్షించిరి. మందు నిజముగా పనిచేయునని తేలెను. 1988 లో అమెరికా ప్రభుత్వము కీళ్ళవాతమునకు దానిని అంగీకరించెను. సుబ్బారావుగారు గతించి అప్పటికి నలుబది యేండ్లు. నేడు లోకమంతటను ఈ వ్యాధికి వైద్యులు సాధారణముగా మొదట చేయిచాపు మందు అదియే.

ఒక మందు నాలుగు దినములలో నడిపించి నాలుగేండ్లలో ఎముకను గుల్ల చేసెను. మరియొకటి ఆరు వారములు, పండ్రెండు వారములు ఏమియు చేయనట్లుండి, కీలును సంవత్సరములకొలది నిలబెట్టెను. మొదటి వారములో కలిగిన సుఖమును బట్టి మందుకు విలువ కట్టరాదని ఈ రెండు కథలును కలిసి చెప్పుచున్నవి.

తరువాతి కాలము మరి మూడు పాఠములు నేర్పెను. మొదటిది, చౌక మందులే కలిసి పనిచేయగలవనుట. 1996 లో అమెరికాలో ఓడెల్ మున్నగువారు 102 మందిపై రెండేండ్లు జరిపిన పరీక్షలో మిథోట్రెక్సేట్, సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ మూడును కలిపి తీసికొన్నవారిలో నూటికి 77 మందికి వ్యాధి సగమునకు తగ్గెను; మిథోట్రెక్సేట్ ఒక్కటే తీసికొన్నవారిలో 33 మందికి తగ్గెను. రెండవది, కొలిచి మార్చుటలోని బలము. 2004 లో గ్లాస్గో నగరములో 110 మందిని రెండు భాగములు చేసిరి. ఒక భాగమువారిని నెలనెలా పిలిచి, వాచిన కీళ్ళు ఎన్నో లెక్కించి, తగ్గనిచో మందు పెంచిరి. రెండవ భాగమువారికి మామూలు వైద్యమే చేసిరి. మొదటివారిలో నూటికి 65 మందికి వ్యాధి అణగెను. రెండవవారిలో 16 మందికే. ఈ విజయము క్రొత్త మందువలన వచ్చినది కాదు, లెక్కవలన వచ్చినది.

మూడవది, జీవమందుల రాక. లండనులో ఫెల్డ్‌మన్, పంజాబులోని లూథియానాలో పుట్టిన రవీందర్ మైనీ – ఈ ఇరువురు 1992 లో టి.ఎన్.ఎఫ్. అను దాహక ద్రవ్యమును అడ్డగించు మందును రోగులపై పరీక్షించి కీళ్ళ వైద్యమునకు క్రొత్త ద్వారము తెరచిరి. 1998 నుండి అట్టి మందులు అంగళ్ళలోనికి వచ్చినవి. అవి శక్తిగలవి, ఖరీదైనవి. క్షయ దాగియున్నచో లేపగలవు కావున ముందుగా క్షయ పరీక్ష తప్పనిసరి. 353 మందితో జరిపి 2013 లో ప్రకటించిన పరీక్షలో, మిథోట్రెక్సేట్ ఒక్కటే చాలని రోగులకు మూడు చౌక మందుల కూటమి ఇచ్చినను, ఖరీదైన జీవమందు చేర్చినను ఫలితము ఇంచుమించు సమానముగా నుండెను. దమ్మపేటవంటి ఊరిలోని ఇంటికి ఈ వార్త చిన్నది కాదు. డబ్బు లేదు కనుక వైద్యము లేదను నిరాశకు ఇది సమాధానము.

మరి ఆయుర్వేదము సంగతి ఏమని కొందరు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి న్యాయముగానే సమాధానము వెదకినవారు కలరు. కోయంబత్తూరులో 43 మంది రోగులను మూడు భాగములు చేసి, ఒకరికి శాస్త్రోక్తమైన ఆయుర్వేద చికిత్స, ఒకరికి మిథోట్రెక్సేట్, ఒకరికి రెండును ఇచ్చి, ఎవరిది ఏదియో తెలియని రీతిని 36 వారములు పరీక్షించి 2011 లో ఫలితములను ప్రకటించిరి. మూడు భాగములవారికిని ఇంచుమించు ఒకే తీరున మేలు కలిగెను. ఆయుర్వేదము మాత్రమే తీసికొన్నవారికి ఉపద్రవములు తక్కువగా నుండెను. ఇది ఆదరింపదగిన ప్రయత్నము. అయితే 43 మంది చిన్న సంఖ్య. ఆ మందులు అర్హులైన వైద్యులు రోగి రోగికి ఎన్నుకొని కొలిచి ఇచ్చినవి. సంతలో పొట్లము కట్టి అమ్ము పేరులేని పొడికి ఈ ఫలితము వర్తింపదు. అట్టి పొడులు కొన్నిటిలో స్టిరాయిడ్లు రహస్యముగా కలిపి యుండుట పరీక్షలలో బయటపడినది. తిన్న మూడవనాడే నొప్పి మాయమైనదని సంబరపడువారు, తాము 1948 నాటి కార్టిసోన్ కథనే లెక్కలేని మోతాదులో మరల నడుపుచున్నామని ఎరుగరు. ఆర్.ఎం.పి. డాక్టరు పేరు చెప్పక వేయు సూది కథయు చాలమారు ఇదియే.

కావున ఎన్నుకొనవలసినది ఆయుర్వేదమా, ఆంగ్ల వైద్యమా అను జెండాను కాదు. ఏ వైద్యుని వద్దకు పోయినను నాలుగు ప్రశ్నలు అడుగవలెను. నాకున్నది ఏ వ్యాధి, దానిని ఎట్లు నిర్ధారించితిరి? ఈ మందు నొప్పిని తీర్చునదా, కీలును కాచునదా? పనిచేయుచున్నదో లేదో ఎన్ని వారములకు, దేనిని కొలిచి తెలిసికొందుము? దీనివలన కీడు కలుగుచున్నదేమో ఏ పరీక్షవలన కనిపెట్టుదుము? ఈ నాలుగింటికి సమాధానము చెప్పగల వైద్యుడు ఏ శాస్త్రమువాడైనను గౌరవనీయుడే. చెప్పలేనివాడు ఎంత పేరుపొందినను మన చేతులను ఆయన చేతులలో పెట్టరాదు.

కాలమును గూర్చి ఒక మాట. ఎముక కొరుకుడుపడుట చాలమందిలో మొదటి రెండేండ్లలోనే ఆరంభమగును. ఒకమారు వంగిన వ్రేలు మందుచే తిరిగి నిలువదు. తెల్లవారి బిగువు గంటకాలము మించి ఉండి, రెండు చేతుల చిన్న కీళ్ళు ఆరు వారములైనను వాచియే ఉన్నచో ఇక జాగు చేయరాదు. మండలపు ప్రభుత్వ వైద్యశాలలో మొదలుపెట్టవచ్చును. 2022 లో కొత్తగూడెములోను, 2023 లో ఖమ్మములోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. హైదరాబాదులోని నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో కీళ్ళవాతములకు ప్రత్యేక విభాగమే కలదు. 1960 లలో ఎముకల ఆసుపత్రిగా ఆరంభమైన సంస్థ అది. నిపుణుని ఒకమారు చూచి చికిత్స నిర్ణయించుకొని వచ్చినచో, నెలనెలా రక్తపరీక్షయు బిళ్ళలును చేరువలోనే సాగించుకొనవచ్చును. హైదరాబాదు దూరమైనను వంకరపోయిన చేతికంటె దూరము కాదు.

మిథోట్రెక్సేట్ వాడు ఇండ్లకు హెచ్చరికలు కొన్ని కలవు. ఇది కీళ్ళవాతమునకు వారమునకు ఒక్కరోజు మాత్రమే తీసికొనవలసిన మందు. మన భాషలో వారమనిన ఏడు దినములును వారమే, ఆదివారము సోమవారము అను దినమును వారమే. ఈ మాటల తికమకలో కొందరు దినమును మ్రింగి ఎముకలోని మజ్జ దెబ్బతిని ప్రాణాపాయమునకు లోనైరి. కావున సోమవారమా, గురువారమా అను దినమును వైద్యునిచే చీటిపై పెద్ద అక్షరములతో వ్రాయించుకొని, గోడనున్న క్యాలెండరులో గీత గీయవలెను. చదువురానివారికి ఇంటి పిల్లలు ఈ పని చేయుదురుగాక. తోడుగా వైద్యుడు ఫోలిక్ ఆమ్లపు బిళ్ళను వేరొక దినమున ఇచ్చును. మందును, దాని కీడును తగ్గించు విరుగుడును ఒక తెలుగువాని ప్రయోగశాలనుండియే వెలువడుట విశేషము. ఈ మందు కాలేయముపై భారము మోపును. కావున ఇప్పసారాగాని, తాటికల్లుగాని, సీసా సారాయిగాని దానితో పొసగవు. గర్భము ధరింపదలచిన స్త్రీ ముందుగా వైద్యునితో చెప్పి దీనిని మానవలెను; ఇది శిశువునకు హానికరము. జ్వరము, నోటిపూత, ఆయాసము, దగ్గు తోచినచో తరువాతి బిళ్ళ వేసికొనక ముందే వైద్యుని చూడవలెను.

ఆముదము పట్టించిన అత్తగారిని మనము తప్పుపట్టరాదు. వేడి కాపడము, మెత్తని మర్దన, వ్రేళ్ళకు నిత్యము చేయించు వ్యాయామము, వేళకు భోజనము, నిద్ర – ఇవన్నియు రోగికి ఊరటయే. వాటిని మందునకు తోడుగా ఉంచుకొందము. మందునకు బదులుగా మాత్రము కాదు. పొగాకును, చుట్టను, బీడీని మాత్రము దూరముగా పెట్టుదము. అవి ఈ వ్యాధిని రేపును, మందు బలమును తగ్గించును.

1995 లో సుబ్బారావుగారి శతజయంతికి మన దేశపు తపాలాశాఖ బిళ్ళ వేసి గౌరవించెను. బిళ్ళపైని బొమ్మ చూచి మురియుట కంటె గొప్ప గౌరవము ఒకటి కలదు. అడవి అంచునున్న ఒక యింటిలో, ఒక ఇల్లాలు తెల్లవారి లేచి పిడికిలి మూసి, మరల విప్పి, చెంబు పట్టుకొని, పొయ్యి వెలిగించుకొన్నచో ఆయన శ్రమ ఆనాడు ఫలించినట్లే. అందుకు ఆ యింటివారు చేయవలసినది తొలి వాపుననే మేల్కొని, నొప్పి తీర్చు మందునకును, కీలు కాచు మందునకును గల భేదమును అడిగి తెలిసికొని, తీసికొన్నదానిని ఓపికతో లెక్కపెట్టుకొని వాడుకొనుటయే.